కడప వైవీ స్ట్రీట్ వెనక సందులో గొలుసులు అతికే ఆచారి అంగడి, నా అనుభవం (లింక్ అనే మాట సంగతి కూడా)

మా జేజి గొలుసు తెగింది. రెండు పేటలది, ఆమె పెళ్లప్పుడు చేయించింది, మా అమ్మ మెడలో ముప్పై ఏళ్లు ఉండి నాకొచ్చింది. పోయిన నెల స్కూలుకు పోయే హడావుడిలో కొంగుకు తగులుకొని పట్టుమని తెగింది. గొలుసు జాకెట్లో పడింది కాబట్టి సరిపోయింది, రోడ్డు మీద పడుంటే ఏమయ్యేదో తల్చుకుంటేనే గుండె జారిపోతాది.

ఫస్ట్ ఒక పెద్ద షోరూంకు తీస్కపోయినా. పేరు రాయను. అక్కడ కౌంటర్లో పిల్లోడు గొలుసును చేత్తో కూడా సరిగ్గా పట్టుకోలే, మేడం ఇది పాత మోడల్, అతికినా నిలవదు, ఎక్స్చేంజ్ చేస్కోండి అన్నాడు, దానికి తరుగు ఇంత, మజూరీ ఇంత అని క్యాలిక్యులేటర్ తీసినాడు. మా జేజి గొలుసు కరిగించి కొత్తది చేయించుకునే పనైతే నేను వాళ్ల దగ్గరికి ఎందుకు పోతా? అతకమని కదా అడిగింది. ఏడుపొచ్చినంత పనైంది నాకు, తీసుకొని బయటికి వచ్చేసినా.

తర్వాత మా స్టాఫ్ రూంలో తెలుగు మేడం ఈ ఆచారి సంగతి చెప్పింది. అందుకే ఈ రివ్యూ రాస్తాండా, ఎందుకంటే ఈయన అంగడికి బోర్డు లేదు, గూగుల్ మ్యాప్‌లో వెతికినా దొరకదు, తెలిసినోళ్లు చెప్తే తప్ప ఎవరూ పోలేరు. వైవీ స్ట్రీట్‌లో బట్టల అంగళ్లన్నీ దాటుకొని వెనక సందులోకి తిరిగితే ఎడమ పక్క నాలుగో వాకిలి, ఆకుపచ్చ రంగు చెక్క తలుపులు, లోపల మనిషి కింద కూర్చొనే పని చేస్తాంటాడు. బండి సందులోకి పోదు, బయటే పెట్టుకోవాల.

ఆయనకు డెబ్బై పైనే ఉంటాయి. కంటికి భూతద్దం తగిలించుకొని గొలుసును మొత్తం ఒక్కొక్క కడియమూ (గొలుసులో ఒక్కో రింగును కడియం అంటారు) వేలి మీద తిప్పి చూసినాడు, ఒకటి రెండు నిమిషాలు కాదు, పావుగంట చూసినాడు, నేను స్టూలు మీద కూర్చొని ఆ వేళ్లనే చూస్తాండా. తర్వాత అద్దం నా చేతికిచ్చి, "చూడమ్మా, తెగింది ఒకటే గానీ తెగబోయేవి ఇంకా ఏడుండాయి" అన్నాడు. అద్దంలో చూస్తే నాకు నిజంగా ఆశ్చర్యమేసింది. కడియం చుట్టూ ఒకే మందం ఉండదు. పక్క కడియం ఎక్కడ ఆనుకొని ఉంటాదో అక్కడ లోపలి వైపు అరిగి, దారప్పోగంత సన్నమైపోయింది, మిగతా భాగమంతా కొత్తదాని మాదిరే ఉండాది. లాగితే తెగేది ఆ సన్నటి చోటే. "ఊరికే తెగదమ్మా గొలుసు, రోజూ ఒకదాన్నొకటి రాచుకుంటాయి కదా, ఇన్నేండ్లకు బయటపడుతుంది" అన్నాడు.

ఇక్కడ ఒక విషయం చెప్పాల, ఈ అంగడి గురించి ఇంత రాయాలనిపించింది దీనివల్లే. నేను హైస్కూల్లో ఇంగ్లీష్ చెప్తా. గొలుసు తెగడానికి వారం ముందు ఎనిమిదో తరగతిలో ఒక పిల్లోడు లేచి, మేడం లింక్ అంటే ఏంది అని అడిగినాడు. సంబంధం, కనెక్షన్ అని చెప్పినా. వాడు ఊరుకోలే. మరి ఆధార్ లింక్, పాన్ లింక్, వాట్సాప్‌లో పంపే లింక్, వానికీ వీనికీ లింకుందంట అంటారు, ఇవన్నీ ఒకటేనా, అసలు ఆ మాట ఎక్కడిది అన్నాడు. నాకు తెలీదు. తెలీదని చెప్పి, రేపు చూసి చెప్తా అని చెప్పినా, ఆ రాత్రి డిక్షనరీలు పెట్టుకొని కూర్చున్నా.

అప్పుడు తెలిసింది ఏందంటే, లింక్ అనే మాటకు మొదటి అర్థం సంబంధం కాదు. గొలుసులో ఒక కడియం, అంతే. ఇంగ్లీషులోకి ఆ మాట 15వ శతాబ్దంలో వచ్చింది, అదీ స్కాండినేవియా భాషల వైపు నుంచి. స్వీడన్ వాళ్లు ఇప్పటికీ లెంక్ అంటారు, డెన్మార్క్ వాళ్లు గొలుసునూ సంకెలనూ లెంకె అంటారు. పాత ఇంగ్లీషులో దీనికి చుట్టమైన మాట ఒకటి ముందే ఉండేది, హ్లెంచె అని, యుద్ధానికి పోయేటోళ్లు తొడుక్కునే ఇనుప కడియాల కవచానికి వాడేవాళ్లు. జర్మన్‌లో గెలెంక్ అంటే కీలు, మోకాలి కీలు మోచేతి కీలు అంటామే అది. వీటన్నిటికీ అడుగున ఉన్న పాత ధాతువుకు అర్థం వంచడం, తిప్పడం అని భాషా శాస్త్రవేత్తలు చెప్తారు. ఇంగ్లీషులో ఫ్లాంక్ అనే మాట, అంటే మనిషికి గానీ పశువుకు గానీ పక్క, నడుము భాగం, అది కూడా ఇదే కుటుంబమంట, ఫ్రెంచి మీదుగా తిరిగొచ్చింది. మనిషి వంగేది నడుము దగ్గరే కదా.

చదివినా గానీ నాకు ఒంటబట్టలే. కలపడం అనే అర్థమున్న మాటకు వంచడం మూలమేంది, కట్టడం గానీ ముడేయడం గానీ ఉండాల కదా అనిపించింది. పిల్లలకు ఎట్లా చెప్పాలో తెలీక వాయిదా వేస్తా ఉన్నా.

ఆచారి ముందర కూర్చున్న రోజు అది తేలిపోయింది. ఆయన నా గొలుసు నుంచే అరిగిపోయిన ఎనిమిది కడియాలు తీసినాడు, కాటాలో తూచి, ఎంతుందో నాకు చూపించి చీటీ మీద రాసినాడు. దానికి తన దగ్గరున్న బంగారం ఇంకొంచెం కలిపి, కలిపింది కూడా నా కళ్ల ముందరే తూచి, మూసలో కరిగించి, చిన్న కడ్డీ చేసి, రంధ్రాలున్న ఇనుప పలకలో దూర్చి పట్టకారుతో లాగినాడు, పెద్ద రంధ్రంలో నుంచి చిన్నదానికి, దాంట్లో నుంచి ఇంకా చిన్నదానికి, అట్లా లాగి లాగి తీగ చేసినాడు. మధ్య మధ్యలో తీగను కాలుస్తాడు, లేకుంటే బిరుసెక్కి విరుగుతాదంట. తర్వాత ఆ తీగను ఒక సన్నటి ఉక్కు కమ్మీకి పక్కపక్కనే చుట్టుకుంటా పోయినాడు, చూడ్డానికి పెన్నులో స్ప్రింగు ఉంటాదే అట్లా వచ్చింది. కమ్మీ తీసేసి, ఆ చుట్టలను సన్న రంపంతో పొడుగునా ఒక కోత కోసినాడు. అంతే, ఒక్కొక్క చుట్టూ విడిపోయి పళ్లెంలో టిక్ టిక్‌మని పడింది, ఒక్కోటి ఒక కడియం, ఒక పక్క నోరు తెరుచుకొని.

ఆ పళ్లెం చూసినప్పుడు ఆ పాత ధాతువు నాకు అర్థమైంది. నిటారుగా ఉన్న తీగ దేన్నీ పట్టుకోలేదు. వంగితేనే దాని కడుపులో ఇంకొకటి దూరేదానికి చోటు వస్తాది. ముడి అంటే రెండిటిని కలిపి బిగించడం, కడియం అట్లా కాదు, ఒక్కొక్కటీ విడివిడిగా వంగి, రెండోదాన్ని లోపలికి రానిచ్చి, మళ్లీ దాని నోరు మూసుకుంటుంది, రెండూ అటూ ఇటూ కదలొచ్చు గానీ విడిపోవు. నేను ఇంగ్లీష్ మాట గురించి చెప్తే ఆచారి పని ఆపకుండానే విని, "మేం కడియం వంచడమనే అంటాం కదమ్మా, కడియం కట్టడం అని ఎవరంటారు" అన్నాడు. డిక్షనరీల్లో నేను అంతసేపు వెతికింది ఆయనకు నోట్లో మాట.

పని నాణ్యత గురించి రాస్తా, అదే కదా చదివేటోళ్లకు కావాల్సింది. నోరు తెరిచిన కడియాన్ని పాత కడియాల్లోకి తగిలించి, రెండు సన్న పట్టకార్లతో నోరు మూసి, అతుకు దగ్గర వెలిగారం నీళ్లు పూసి, ఆవగింజలో సగం కూడా ఉండని టంకం ముక్క పెట్టి, ఊదుగొట్టంతో మంట ఊదినాడు. గ్యాస్ టార్చి కూడా ఉంది ఆయన దగ్గర, పెద్ద పనులకు అదే వాడతాడంట, సన్న గొలుసుకు మాత్రం ఊదుగొట్టమే, ఎందుకంటే పక్క కడియాలకు వేడి తగిలితే అవి కూడా అతుక్కొని కూర్చుంటాయి, గొలుసు ఆడదు. టంకం గురించి అడిగితే ఓపిగ్గా చెప్పినాడు. టంకం అనేది బంగారం కంటే ముందు కరగాల, అందుకని దాంట్లో వేరే లోహం కలుపుతారు, ఎంత టంకం ఎక్కువ వాడితే నగలో మచ్చం, అంటే బంగారం స్వచ్ఛత, అంత తగ్గుతాది. పాతకాలం నగలు కరిగిస్తే తక్కువ వచ్చేదానికి ఇదొక కారణమంట. తర్వాత క్యాడ్మియం కలిపిన టంకం వచ్చింది, మనం కేడీఎం నగలు అనేది దాన్నే, మచ్చం నిలబడతాది గానీ క్యాడ్మియం పొగ పీలిస్తే పనిచేసేటోళ్ల ఊపిరితిత్తులు పాడవుతాయి, అందుకే ఇప్పుడు అది వద్దంటాండారు, నైన్ వన్ సిక్స్ హాల్‌మార్క్ చూసి కొనుక్కోమంటారు. తొమ్మిది వందల పదహారు అంటే వెయ్యి పాళ్లలో 916 పాళ్లు బంగారం, 22 క్యారెట్లు. నేను ఇన్నేళ్లు బంగారం కొన్నా గానీ ఇంత వివరంగా ఏ షోరూంలోనూ ఎవరూ చెప్పలే.

చివర్లో గొలుసును చింతపండు నీళ్లలో ఉడికించి, కుంకుడుకాయ నురగతో బ్రష్షు పెట్టి రుద్ది ఇచ్చినాడు. కొత్త కడియాలు ఏవో, మా జేజి కాలంవి ఏవో నేను వెతికినా కనిపెట్టలేకపోయినా. అద్దం పెట్టి చూస్తే మాత్రం తెలుస్తాంది, కొత్తవి లోపల గుండ్రంగా ఉండాయి.

మజూరీ ఆరు వందలు తీసుకున్నాడు, కలిపిన బంగారానికి ఆ రోజు రేటు ప్రకారం వేరే. చీటీలో రెండూ విడివిడిగా రాసినాడు. ఫోన్‌పే ఉంది. నాలుగు గంటలు పట్టింది, నేను శనివారం హాఫ్ డే చూసుకొని పోయినా కాబట్టి మొత్తం కూర్చున్నా, వదిలిపెట్టి పోయినా ఏం కాదు గానీ బంగారం కదా, కూర్చునేదే మేలు, ఆయన కూడా కూర్చోమనే అంటాడు.

ఆ నాలుగు గంటల్లో ఇంకో మాట కూడా వచ్చింది. నేను లింక్ లింక్ అంటాంటే ఆచారి, "మనకు లంకె ఉంది కదమ్మా" అన్నాడు. నిజమే కదా! లంకె వేయడం, లంకె కుదరడం, లంకెబిందెలు. చిన్నప్పుడు మా జేజి చెప్పిన ప్రతి కథలోనూ ఎవడో ఒకడు పొలం దున్నుతాంటే నాగలికి లంకెబిందెలు తగిలేవి, రెండు బిందెలకూ మధ్యన గొలుసు ఉంటాదని, ఒకటి లాగితే రెండోది వస్తాదని చెప్పేది. మన జిల్లాల్లో ఇప్పటికీ పాత గుళ్ల దగ్గర గుప్తనిధులని తవ్వి గుళ్లు పాడుచేసే వాళ్ల వార్తలు చదివితే కడుపు మండుతాది, అది వేరే సంగతి. డెన్మార్క్ వాళ్ల లెంకె, మన లంకె దాదాపు ఒకటే అయినట్టు వినపడతాయి. అట్లాగని ఆ మాట అక్కడి నుంచి ఇక్కడికి వచ్చింది, ఇక్కడి నుంచి అక్కడికి పోయింది అని వాట్సాప్‌లో రాసేటోళ్ల మాదిరి నేను రాయను. శబ్దం కలిసినంత మాత్రాన చుట్టరికం కుదరదు, మాట పాత రూపాలు పట్టుకొని వెనక్కి పోతే కలవాల. అదే సంకెల చూడండి, దానికి దారి తెలుసు, సంస్కృతంలో శృంఖల, ప్రాకృతంలో సంకల, మన దగ్గరికి వచ్చేసరికి సంకెల. బ్రౌన్ దొర ఉద్యోగానికి వచ్చి తెలుగు నేర్చుకున్న ఊరు మన కడప, 1820లో వచ్చినాడు, ఇట్లాంటి మాటలన్నీ ఏరి నిఘంటువు చేసినాడు, ఈ ఊర్లో ఉండే మనకు లంకె గుర్తు రాక లింక్ అంటాండాం అని నాకు మనసు చివుక్కుమంది. నా క్లాసులో ఇప్పుడు రెండు మాటలూ చెప్తాండా.

ఇంకో కస్టమరు, పెండ్లిమర్రి వైపు రైతంట, కూతురు పట్టీలు అతికించుకోవడానికి వచ్చి మా మాటలు విని, "లింకులంటే మాకు పొలం కొలతలు కదమ్మా" అన్నాడు. అప్పుడు నాకు మా నాయన గుర్తొచ్చినాడు. మా పొలం ఎఫ్ఎంబీ పటంలో, అంటే సర్వే వాళ్లు పొలం కొలిచి గీసిన పటంలో, గట్ల పొడవులన్నీ లింకుల్లోనే రాసుంటాయి, మా నాయన ఆ కాగితాన్ని ఇనుప పెట్టెలో పెట్టుకునేవాడు. అది కూడా గొలుసు కడియమే, వేరే అర్థం కాదు. ఇంగ్లండులో ఎడ్మండ్ గుంటర్ అనే గణిత పండితుడు 1620 ప్రాంతంలో భూమి కొలిచేదానికి ఒక గొలుసు పెట్టినాడు, 66 అడుగుల పొడవు, దాంట్లో 100 లింకులు, అంటే ఒక్కో లింకు 7.92 అంగుళాలు. పొడవు పది గొలుసులు, వెడల్పు ఒక గొలుసు ఉంటే సరిగ్గా ఎకరం. చదరపు లింకుల్లో అయితే లక్ష. అందుకే మనం వాడే సెంటు, ఎకరంలో నూరో వంతు, సరిగ్గా వెయ్యి చదరపు లింకులు అయితాది, లెక్క వేసి చూడండి ఎంత శుభ్రంగా పోతాదో. ఈస్టిండియా కంపెనీ వాళ్ల సర్వేతో అది మన పొలాల్లోకి వచ్చింది. తర్వాత మీటర్ల గొలుసు వచ్చింది, 20 మీటర్లకు 100 లింకులు, ఒక్కోటి 20 సెంటీమీటర్లు, కాబట్టి పాత పటమూ కొత్త పటమూ పక్కపక్కన పెట్టుకొని చూసేటోళ్లు ఏ లింకో చూసుకోండి, గట్టు తగాదాలు ఇట్లాంటి వాటికే వస్తాయి. ఆ రైతుకు ఇది చెప్తే మా ఊర్లో చానా మందికి తెలీదన్నాడు.

ఇంగ్లీషులో లింక్ అని రాసే మాటలు ఇంకో రెండున్నాయి, వాటినీ దీన్నీ కలిపేస్తారు కొందరు. పాత లండన్‌లో వీధి దీపాలు లేని రోజుల్లో రాత్రి నడిచేవాళ్లకు ముందర కాగడా పట్టుకొని పోయే పిల్లలుండేవాళ్లు, ఆ కాగడా పేరు లింక్, అది ఎక్కడి మాటో ఇప్పటికీ తేలలే. గోల్ఫ్ ఆడే మైదానాన్ని లింక్స్ అంటారు, అది పాత ఇంగ్లీషులో మిట్ట నేల, దిబ్బ అనే మాట. ఫోన్‌లో నొక్కే లింక్ మాత్రం మన గొలుసు లింకే, 1965లో టెడ్ నెల్సన్ హైపర్‌టెక్స్ట్ అనే మాట పెట్టినాడు, 1989లో టిమ్ బెర్నర్స్ లీ వెబ్ ప్రతిపాదన రాసినాడు, ఒక పేజీలో నుంచి ఇంకో పేజీ తగులుకొని ఉంటాది కాబట్టి ఆ పేరు. మా పిల్లోడు అడిగిన ఆధార్ లింకూ అంతే.

సోమవారం నేను క్లాసుకు ఆ గొలుసు వేసుకొని పోయి, మెడలో నుంచి తీసి ఆ పిల్లోని చేతికే ఇచ్చినా. కడియాలు లెక్కపెట్టు అన్నా. ఒక పేట లెక్కపెట్టేసరికి బెల్లు కొట్టినారు. మన చెరువులు కూడా ఇట్లాగే కదా మేడం, మా ఊరి చెరువు మరవ పారితే కింద చెరువులోకి పోతాది, దాన్ని గొలుసుకట్టు అంటారు మా తాత అని వాడే అన్నాడు. నేను చెప్పాలనుకున్నది వాడు చెప్పినాడు, నాకు అంత సంతోషం ఈ మధ్యలో ఎప్పుడూ కలగలే.

అంగడిలో ఇబ్బందులు కూడా రాస్తా. లోపల ఒక స్టూలు, ఒక చాప, అంతే, ఇద్దరికి మించి కూర్చోలేరు, ఎండాకాలం కుంపటి పక్కన మధ్యాహ్నం చానా కష్టం, ఫ్యాను వేస్తే మంట ఆడుతుందని వేయడు. కొత్త నగలు చేయడు, చేయమంటే ప్రొద్దుటూరు పొమ్మంటాడు. రాళ్లు పొదిగిన వాటిని ముట్టుకోడు, కంటి చూపు అంత ఆనడం లేదంట. అమావాస్య రోజు పని పెట్టుకోడు, క్యాలెండరు చూసుకొని పోండి, నేను రెండోసారి పోయినప్పుడు తలుపులు మూసుంటే వెనక్కి వచ్చినా. ఆయన కొడుకు బెంగళూరులో ఉద్యోగమంట, ఈ పని నేర్చుకునే పిల్లోళ్లు ఎవరూ అంగడిలో కనపడలేదు. నాకు అది చూస్తే బాధైంది. ఇంట్లో పాత గొలుసులు, నాంతాళ్లు ఉన్నోళ్లు తెగేదాకా ఆగకుండా ఒకసారి ఆయనకు చూపించండి, చూసినందుకు డబ్బులు తీసుకోడు, అరిగినవి ఎన్నో లెక్క చెప్తాడు.

పొద్దున పదిన్నర నుంచి ఉంటాడు. ఐదుకు ఐదు స్టార్లు ఇస్తాండా. మా పాప పట్టీలు కూడా ఇచ్చి వచ్చినా, వెండి కాబట్టి తొందరేం లేదు, శుక్రవారం రమ్మన్నాడు.